బోటు మీద నగారా

మా ముత్తాత ఇరవై రెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత పదమూడు ఊళ్లకు. మా నాయిన ఒక్క ఊరికి, అదీ కాగితం మీద. నేను ఒక సర్కారు శాఖలో రేడియో మెకానిక్‌గా చేరి, రేడియో మెకానిక్‌గానే రిటైరయ్యాను.

మా గడి నర్సింహులపేట నుంచి ఒక పూట నడకలో ఉండేది. ముత్తాత గుర్రం దిగకుండానే లోపలికి రావడానికి వీలుగా దర్వాజా కట్టించుకున్నాడు. ఆ దర్వాజా మీద చిన్న అర, ఆ అరలో నగారా. రాగి గిన్నెకు ఎద్దు తోలు బిగించి ఉండేది. దొర బయలుదేరితే ఒక తీరు దెబ్బ, తిరిగి వస్తే ఇంకో తీరు దెబ్బ. చప్పుడు మూడు ఊళ్లకు వినిపించేది. వినిపించినంత మేర ఎవరూ కూర్చుని ఉండకూడదు. మా ఇంట్లో దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లం. మూడు ఊళ్లలో ఎట్లా చెప్పుకునేవాళ్లో నేను ముప్పై ఏళ్లు దాటేదాకా ఎవరినీ అడగలేదు.

మా ఇంట్లో మగవాళ్లు పొడుగు. వంగరు. అది నియమం కాదు, వీపు అట్లా తయారైంది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని కాలేజీ పిల్లలందరితో పాటు నేనూ రోడ్డు మీదికి వచ్చాను. లాఠీ దెబ్బ వీపు మీద పడింది. నేను వంగలేదు. దానివల్ల రెండో దెబ్బ కూడా పడింది. ఆ ఏడు పరీక్షలు లేవు, ఆ తరువాత నాకు చదువు లేదు. సీలింగు చట్టం వచ్చి మిగిలిన భూమి పోయింది. గడిలో సర్కారు వారు గోదాము పెట్టారు. నేను జనగామలో ఒక సేటు మైకుసెట్ల దుకాణంలో పని నేర్చుకున్నాను. సేటు పెద్దమనిషి, నా మర్యాదకు ఏనాడూ లోటు చేయలేదు. "దొరగారూ, గా పెండ్లికి పోయి బాకాలు కట్టి రాండ్రి" అనేవాడు. నేను నిచ్చెన ఎక్కి బాకాలు కట్టేవాణ్ని. నిచ్చెన మీద వంగే పని ఉండదు.

మా శాఖలోకి కొత్తగా వచ్చిన మెకానిక్‌లు, మీ సర్వీసులో మంచి కేసు ఒకటి రాసి ఇవ్వండి సార్, మాకు పనికొస్తుంది అని అడిగారు. నేను బాగు చేసిన సెట్ల సంగతి రాస్తే మీకు పనికిరాదు. ఆ సెట్లు ఇప్పుడు లేవు. నేను చెడగొట్టిన పని ఒకటుంది, అది రాస్తున్నాను. దానివల్ల ఒక మనిషి నౌకరి పోవలసి ఉండింది. తప్పు అతనిది కాదు.

ఎనభైల మొదట్లో నన్ను భూపాలపల్లి వైపు, అడవి అంచున ఉన్న ఒక పెద్ద చెరువు దగ్గర వేశారు. పేరుకు చెరువు గాని అవతలి గట్టు కనపడదు. అక్కడ మా శాఖకు ఒక మోటారు బోటు ఉండేది. ఇనుప బాడీ, డీజిలు ఇంజిను, ఇరవై నాలుగు సీట్లు, ఇనుప గొట్టాల మీద రేకు కప్పు, ముందు డ్రైవర్ దగ్గర మాత్రం కప్పు లేదు. కాటారం బస్సు దిగి పది మంది సెలవు రోజున వచ్చినా, చిట్యాల నుంచి ఎద్దుబండ్లు కట్టుకుని రెండు కుటుంబాలు వచ్చినా, టికెట్టు తీసుకుని నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాళ్లు.

బోటు నడిపే మనిషి నాకన్నా పదేళ్లు పెద్ద. పొట్టి మనిషి, మెడ లావు, గొంతు ఇంకా లావు. చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. వాళ్ల సొంతూరు మా ముత్తాత ఇరవై రెండు ఊళ్లలో ఒకటి అని మొదటి రోజే తెలిసింది.

"దొర నర్సింహులపేట దిక్కు గడీలోళ్లా?" అని అడిగాడు.

"అవును."

"మా నాయిన మీ గడికి చేపలు మోసేటోడు."

"అట్లనా" అన్నాను.

"అట్లనే" అన్నాడు. ఆ సంగతి మళ్లీ చాలా రోజులు ఎత్తలేదు.

బోటులో అప్పటికే ఒక సౌండు సెట్టు ఉండేది. డ్రైవర్ సీటు కింద వాల్వుల ఆంప్లిఫయర్, ముందు ఒక బాకా, డ్రైవర్ మెడలో తీగతో వేలాడే మైకు. ఆ మైకులో అతను పొద్దంతా మాట్లాడేవాడు. "కుడిదిక్కు ఎర్రచీర అక్క, నువ్వు జర నడిమికి రా. ఏ పిలగా, చెయ్యి లోపట వెట్టు. పటేలా, మీ ఒక్కరి బరువుకు ఇద్దరు గావాలె, గా మూలకు ఇద్దరు బక్కోళ్లు పోండ్రి. అవ్వా, భయం లేదు, నేనున్న గద." జనం నవ్వేవాళ్లు. నవ్వుతూ జరిగేవాళ్లు. అతను నడుమ నడుమ తల బయటికి పెట్టి కిందికి చూసేవాడు. బోటుకు రెండు పక్కలా తెల్ల రంగు చార ఒకటి వేసి ఉండేది, దాన్ని చూసేవాడు. చూసి మళ్లీ ఎవరినో ఒకరిని ఎగతాళి చేసి ఇంకోచోట కూర్చోబెట్టేవాడు.

నేను ఆ బోటులో నెల రోజులు తిరిగాను. మైకు విన్నాను, చార చూడలేదు.

మా ఇంజనీరు కోస్తా జిల్లా నుంచి వచ్చిన మనిషి. మెత్తని మాట, ఇస్త్రీ చొక్కా. ఒకరోజు నన్ను పిలిచి అన్నాడు: "చూడండీ, బోటుకి కొత్త ఆడియో శాంక్షనయింది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్, క్యాసెట్ డెక్కు, నాలుగు కాలమ్ స్పీకర్లు. ఆ మైకు తీసేయించండి. ఆ మనిషి భాషేమిటండీ, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు నవ్విపోతున్నారు. చెరువు చరిత్ర చక్కగా చదివించి క్యాసెట్ చేయించాను."

ఉద్యమంలో వీపు మీద రెండు దెబ్బలు తిన్నవాణ్ని నేను. కోస్తా ఆఫీసర్లు మా మాటను వెక్కిరించారనే కదా, సగం కోపం అదే. ఇంజనీరు మాట విని నేను ఏమన్నానో మీకు చెప్పాలి. "అవును సార్, కొంచెం మోటుగా ఉంటది" అన్నాను. డ్రైవర్ భాష మోటు, నా భాష కాదు అని నాలో ఒక లెక్క ఉండేది.

ఇక సామాను ఎక్కడ పెట్టాలన్నది నాకు వదిలేశారు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, మీకు పనికొచ్చేది ఇదే.

బోటు కప్పు ఎత్తు అయిదున్నర అడుగులు. నేను ఆరడుగుల పైన. సీట్ల కింద పని చేయాలంటే బోర్లా పడుకోవాలి, పక్కన డ్రైవర్ నిలబడి చూస్తుంటాడు. నేను ఒకసారి లోపలికి చూసి, సామానంతా కప్పు మీద పెట్టాలని తీర్మానించాను. కాగితం మీద రాసిన కారణం వేరు. బ్యాటరీకి, ఆంప్లిఫయర్‌కు, స్పీకర్లకు మధ్య తీగ పొట్టిగా ఉంటే వోల్టేజీ పడిపోదు. అది నిజమే, పుస్తకంలో ఉంది. మనసులో ఉన్న మూడో కారణం నగారా. చప్పుడు ఎప్పుడూ పైనుంచి రావాలి. నాకు పుట్టినప్పటి నుంచి అట్లానే తెలుసు.

టేకు పెట్టె చేయించాను. అందులో ఆంప్లిఫయర్, డెక్కు, రెండు లారీ బ్యాటరీలు. వాన పడకుండా రేకు కొట్టించి తాళం వేశాను. దాన్ని కప్పు మీదికి నలుగురు ఎక్కించారు. కప్పు వెనక అంచున, ఇంజిను పైన, పెట్టెను మోకులతో బిగించి, మోకు కొసలు రెండు పక్కలా కింద ఇనుప కడియాలకు కట్టాను. నాలుగు మూలలా నాలుగు కాలమ్ స్పీకర్లు, ఒక్కొక్కటి మనిషి ఎత్తు. ఇంజిను స్టార్టు కాగానే క్యాసెట్ దానంతట అదే మొదలయ్యేట్టు తీగలు కలిపాను. ఇంజిను ఆగినా పాట ఆగదు. ఆపాలంటే పెట్టె తాళం తీయాలి. తాళంచెవి నా జేబులో ఉంటుంది. ఈ ఏర్పాటు చూసి నేను చాలా సంతోషపడ్డాను.

డ్రైవర్ గట్టు మీద కూర్చుని బీడీ తాగుతూ చూశాడు.

"దొరా, బండి మీద గడ్డి ఎత్తుగ కడితె ఏమైతది?"

"ఏమైతది?"

"గుంతల ఒరుగుతది."

"చెరువుల గుంతలేడున్నయి?"

"నీళ్లల్ల గుంత యాడనన్న వుడుతది. గాలి లేస్తె వుడుతది. మనుషులు లేస్తె వుడుతది. గా డబ్బ కింద వెట్టుండ్రి. నా సీటు కింద జాగున్నది."

"నీకు ఆంప్లిఫయర్ సంగతి తెలుసా?"

"తెల్వది. నాకు నీళ్లు తెలుసు."

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఆ మాట అనడానికి గొంతు పెంచనక్కర లేదు. మా ఇంట్లో ఎవరమూ పెంచేవాళ్లం కాదు.

అతను బీడీ ఆర్పి, మెడలో మైకు తీసి, తీగ చుట్టగా చుట్టి నా చేతిలో పెట్టాడు. "మరి మనుషుల్ని ఎట్ల జరుపాలె?" అని అడిగాడు. నేను ఆ ప్రశ్నను జవాబు అవసరం లేని ప్రశ్నగా తీసుకున్నాను.

మొదటి చుట్టుకు స్టాఫు నలుగురమే వెళ్లాం. గాలి లేదు. క్యాసెట్ లోని మనిషి చెరువు తవ్వించిన రాజు గురించి చక్కని భాషలో చెప్పాడు. ఇంజనీరు చేతులు కట్టుకుని తలాడించాడు. మలుపు దగ్గర బోటు కొంచెం ఎక్కువగా ఒరిగి, కొంచెం ఆలస్యంగా లేచింది. డ్రైవర్ నా వైపు చూశాడు. నేను స్పీకర్ల వైపు చూశాను.

కొత్త సెట్టు ప్రారంభానికి హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తానన్నాడు. శ్రావణమాసం, చెరువు నిండి ఉంది. ఆరోజే దగ్గరి తండాలో తీజ్ పండుగ చివరి రోజు. పెండ్లి కాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజు పాడుకుంటూ తెచ్చి నీళ్లలో కలుపుతారు. ఏటా గట్టు దగ్గరే కలిపేవాళ్లు. ఆ ఏడు పద్దెనిమిది మంది అమ్మాయిలు నెత్తిన బుట్టలతో వరుసగా వస్తుంటే పెద్ద ఆఫీసరుకు ముచ్చటేసింది. "వీళ్లని బోటులో నడిమికి తీసుకెళ్దాం. ప్రారంభానికి ఇంతకంటే శుభం ఏముంటుంది?" అన్నాడు. ఇంజనీరు వెంటనే అవునన్నాడు. అమ్మాయిలు కేకలేశారు. తండా నాయక్ గట్టు మీద నిలబడి మీసం సర్దుకున్నాడు. అమ్మాయిలతో ఒక ముసలావిడ ఎక్కింది. వాళ్లంతా ఆమెను యాడి అనేవాళ్లు. అంటే తల్లి.

డ్రైవర్ ఇంజనీరు దగ్గరికి వచ్చాడు. "సార్, గాలున్నది. పిల్లలు లేసి నిలవడుతరు. మైకు ఇప్పియ్యుండ్రి."

"అబ్బే, ఇప్పుడెలా అవుతుందయ్యా? క్యాసెట్ ఉందిగా" అన్నాడు ఇంజనీరు.

ఇంజిను స్టార్టయింది. నాలుగు స్పీకర్లు ఒక్కసారి మోగాయి. నిజం చెప్పాలంటే అద్భుతంగా మోగాయి. గట్టు మీద నాయక్ చెవి మూసుకున్నాడు, నేను దూరం నుంచి చూసి తృప్తి పడ్డాను.

కొంత దూరం పోయాక యాడి సీట్లు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. గట్టిగా అరిస్తే గాని వినపడలేదు.

"బాబూ, గా పాట బంద్ చెయ్యి. మా పిల్లలు పాడాలె. పాడకుంట తీజ్ ఇడిసిపెట్టరు."

"పెట్టె మీదున్నది. తాళం తీయాలె" అన్నాను.

"తియ్యి."

"బోటు నడుస్తుంటె తీయరాదు."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. పైదాకా చూడటానికి ఆమెకు కొంత సేపు పట్టింది. "గంత పొడుగున్నవ్, అందదా?" అని వెళ్లి కూర్చుంది. పెద్ద ఆఫీసరు నవ్వాడు. నేను నవ్వలేదు.

నడిమికి చేరాం. గాలి కుడివైపు నుంచి కొడుతోంది. గాలికి ఎదురు వదిలితే బుట్టలు తిరిగి బోటుకే తగులుతాయి కాబట్టి అందరూ ఎడమవైపు వదలాలి. ఒకరి తీజ్ ముందు, ఒకరిది వెనక పడకూడదని అమ్మాయిల పట్టుదల. మూడో సీటులో ఒకమ్మాయి లేచింది. తరువాత అందరూ లేచారు. పద్దెనిమిది మంది, బుట్టలతో, ఎడమ అంచు మీదికి.

నేను డ్రైవర్ పక్కన నిలబడి ఉన్నాను. అతను వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి. మూడు సార్లు అరిచాడని నాకు తెలుసు, నోరు మూడు సార్లు తెరిచాడు గనక. నాకు వినపడింది మాత్రం చెరువు తవ్వించిన రాజు, ఆయన ఇద్దరు భార్యలు.

బోటు ఎడమకు ఒరిగింది. ఒరిగి, లేవలేదు. ఒక అమ్మాయి బుట్ట నీళ్లలో పడి, అలతో పాటు లోపలికి తిరిగి వచ్చింది. నీళ్లు అంచుకు జానెడు కింద ఉన్నాయి. పెద్ద ఆఫీసరు సీటు పట్టుకున్నాడు, ఇంజనీరు పెద్ద ఆఫీసరును పట్టుకున్నాడు. అమ్మాయిలు మొదట నవ్వారు, తరువాత కేకలేశారు. ఆ కేకలు కూడా వినపడలేదు.

నేను కప్పు మీదికి ఎక్కబోయాను. గొట్టం మీద కాలు పెట్టాను. డ్రైవర్ ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో నా చొక్కా పట్టి కిందికి గుంజాడు. అతను పొట్టి మనిషి. చుక్కాని వదలలేడు. నా చెవి అతని నోటి దగ్గరికి రావాలంటే నేను వంగాలి. వంగాను. చొక్కా గుండీలు రెండు ఊడాయి.

"మీదికెక్కకు. నీ బరువు గూడ అయితది. కుడిదిక్కు మోకులు కొయ్యి. డబ్బ పోనియ్యి."

ఆ పెట్టె నా సంతకం మీద ఉన్న సర్కారు సామాను. దాన్ని పోనివ్వడం గురించి నేను ఎంతసేపు ఆలోచించానో నాకు తెలియదు. ఎక్కువ సేపు కాదని ఇంజనీరు తరువాత సాక్ష్యం ఇచ్చాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

వెనక్కి పోయి ఇంజిను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. నా దగ్గర కత్తి లేదు, కటింగ్ ప్లేయర్ ఉంది. అది తీగలు కోసే పనిముట్టు. కొబ్బరి మోకును పోగు పోగుగా కోయాల్సి వచ్చింది. నేను కట్టిన మోకులు చాలా గట్టివి. రెండోది సగం కోయగానే మిగతాది తెగింది. పెట్టె రేకు మీద జారుకుంటూ పోయి, సీట్లు లేని వెనక మూల నుంచి ఎడమవైపు నీళ్లలో పడింది. తీగలన్నీ లాగేసుకుని పోయింది. రాజు మాట నడుమ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో డ్రైవర్ గొంతు వినపడింది. అరవలేదు. ఎప్పటి లాగానే, మైకులో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"బిడ్డలాల, కూసోండ్రి. ఉన్నకాడ్నె కూసోండ్రి. ఎవ్వలు ఉరుకద్దు. ఆకుపచ్చ రైక బిడ్డా, నువ్వు నీ ఎనుక సీటుకు రా. మెల్లగ. పక్క బిడ్డా, ఇప్పుడు నువ్వు. పెద్ద సారూ, మీరు కదలకుండ్రి, మీరు బరువు."

యాడి అదే మాటను తమ భాషలో చెప్పసాగింది. ఒక్కొక్కరే జరిగారు. బోటు మెల్లగా లేచింది. డ్రైవర్ తల బయటికి పెట్టి చార చూశాడు. అప్పుడు, నెల రోజుల మీద మొదటిసారి, నేను కూడా తల బయటికి పెట్టి చూశాను. తెల్ల చార నీళ్లకు నాలుగు వేళ్ల పైన కనిపించింది. ఏ పక్క బరువెక్కితే ఆ పక్క చార మునుగుతుంది.

మైకు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అతను జనాన్ని నవ్వించడం లేదు. బోటును తూకంలో పెడుతున్నాడు.

"ఇగ పాడుండ్రి" అన్నాడు అమ్మాయిలతో. "కూసోనే పాడుండ్రి. ఇటు ఒకలు, అటు ఒకలు ఇడువుండ్రి. నేను బోటు గాలికి ఎదురు నిలుపుత."

వాళ్లు పాడారు. ముందు వణుకుతూ, తరువాత బాగానే. అటు ఒకటి, ఇటు ఒకటి బుట్టలు వదిలారు. వదిలేటప్పుడు ఏడవడం వాళ్ల ఆనవాయితీ అట. ఆ రోజు ఏడుపులో ఆనవాయితీ ఎంత, భయం ఎంత అని యాడిని అడగలేదు. దిగేటప్పుడు ఆమె నా ఊడిన గుండీ ఒకటి ఏరి ఇచ్చింది. "పొడుగుంటె సరిపోదు బాబూ" అంది.

నాలుగో రోజు విచారణ. ఇంజనీరు గదిలో నన్ను కూర్చోబెట్టారు. డ్రైవర్ బయట వరండాలో నిలబడ్డాడు. టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. డ్రైవర్ ప్రయాణికులను అదుపు చేయలేదు, ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణం, అతన్ని నౌకరి నుంచి తీసేయవచ్చు. సాక్షిగా నా పేరు, కింద సంతకానికి జాగా.

"మీరు సంతకం చేస్తే అయిపోతుందండీ" అన్నాడు ఇంజనీరు. "నీళ్లలో పోయిన సామాను ప్రమాదం కింద రాసేస్తాం. మీ పర్మనెంటు కాగితాలు కూడా పైకి పోతున్నాయి. లేకపోతే సామాను మీరే తెచ్చిపెట్టాలి, పర్మనెంటు ఎప్పుడో నేను చెప్పలేను. అతనిదేముంది, చేపలు పట్టుకుంటాడు."

కలం తీసుకున్నాను. తీసుకుని, ఒక్క నిమిషం అని వరండాలోకి వచ్చాను. డ్రైవర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి సర్దుకుని నిలబడ్డాడు. ఇన్ని రోజులు అతను అట్లా సర్దుకుని నిలబడటం నాకు మామూలుగానే ఉండేది.

"పెట్టె కింద పెట్టమని నువ్వు నాకు ముందే చెప్పినవా?" అని అడిగాను. నాకు తెలుసు, అయినా అడిగాను. అడగాలనిపించింది.

"చెప్పిన."

"మైకు కావాలని ఇంజనీరు సారుకు చెప్పినవా?"

"చెప్పిన. మీ ముంగటనే. దొరా, ఒక మాట. మా నాయిన ఒకపాలి చేపలు తక్కువ తెచ్చిండని మీ గడిల కట్టేసి కొట్టిన్రు. ఆ దినం చెరువు నిండి మత్తడి పోసింది, చేప పడలె. ఎందుకు తక్కువైందని ఎవ్వలు అడుగలె. అడిగితె చెప్పేటోడు."

నా చేతిలో ఇంజనీరు కలం ఉంది. అతను దాని వైపు చూశాడు.

"మీరు అడిగిన్రు. గది చాలు. ఇగ మీ ఇష్టం" అన్నాడు.

"ఏం రాయాలె?"

"ఏముంది? నేను చెప్పిన, మీరు ఇనలె. గంతే రాయి."

లోపలికి వెళ్లి టైపు కాగితం పక్కకు జరిపి, తెల్ల కాగితం అడిగి తీసుకున్నాను. సామానును కప్పు మీద పెట్టడం నా నిర్ణయం అని, బరువు కింద ఉండాలని డ్రైవర్ ముందే చెప్పాడని, అతని మైకు తీసినది నేనేనని, పిల్లలు బతికింది అతని మాట వల్లనని రాశాను. నా అక్షరాలు బాగుంటాయి, మా తాత దగ్గర నేర్చుకున్నవి. ఇంజనీరు రెండుసార్లు చదివి, "మీరు ఇంత రాయనక్కర్లేదండీ" అన్నాడు. రాయకూడదని మాత్రం అనలేదు. పైకి పంపాడు.

డ్రైవర్ నౌకరి ఉంది. నా పర్మనెంటు మూడేళ్లు వెనక పడింది. కొత్త ఆంప్లిఫయర్, డెక్కు, బ్యాటరీలు నేనే తేవాలని ఆర్డరు వచ్చింది. తెచ్చాను. డ్రైవర్ సీటు కింద పెట్టాను. పెట్టడానికి మూడు రోజులు బోర్లా పడుకుని పనిచేశాను. అతను పక్కన నిలబడి బీడీ తాగుతూ చూశాడు. "దొరా, జర ఎడమకు" అనేవాడు. నేను ఎడమకు జరిపేవాణ్ని. నాలుగు స్పీకర్లలో రెండు విప్పేసి, మిగిలిన రెంటినీ సీట్ల ఎత్తుకు దించాను. మైకు అతని మెడలో వేశాను. ఇంజనీరు దగ్గర క్యాసెట్ ఇంకో కాపీ ఉండేది, దాన్ని గట్టు చేరాక పెట్టేవాళ్లం. రాజు, ఆయన ఇద్దరు భార్యలు దిగిపోతున్నవాళ్లకు వినిపించేవాళ్లు.

కొత్త మెకానిక్‌లకు నేను చెప్పేది ఇంతే. ఏ సెట్టయినా విప్పే ముందు దాన్ని వాడే మనిషి దాంతో ఏం చేస్తున్నాడో ఒక రోజు కూర్చుని చూడండి. పొడుగు మనుషులైతే వంగి చూడండి.

సామానుకు డబ్బు ఎక్కడిదని మీరు అడగవచ్చు. గడి పోయినా మా ఇంటి నగారా ఒకటి నా దగ్గర మిగిలి ఉండేది. తోలు నడుమ చినిగి ఉండేది, క్వార్టరులో నా భార్య అందులో ఉల్లిగడ్డలు పోసేది, నేను ప్రతిసారీ వద్దనేవాణ్ని. దాన్ని బస్సు మీద వేసుకుని జనగామ తీసుకెళ్లి, పాత రాగి, ఇత్తడి కొనే దుకాణంలో అమ్మాను. తోలు కోసి పక్కన పారేసి, గిన్నె మాత్రం తూచుకున్నారు.